నిడుబ్రోలు స్టేషన్లో మూడు స్వేచ్ఛలు

ఆఫీసులో మధ్యాహ్నం క్యారేజీలు విప్పే వేళకి మా బల్ల దగ్గర ఓ ఐదారుగురం తెలుగువాళ్లం చేరతాం. అందులో ముగ్గురి మాటలు నాకు బట్టీ వచ్చేశాయి. ఒకాయన "గవర్నమెంటు పక్కకి తప్పుకుంటే చాలు, దేశం దానంతటదే బాగుపడుతుంది" అంటాడు. రెండో ఆయన ఆదివారాలు ఓ అనాథాశ్రమంలో పిల్లలకి లెక్కలు చెప్పి వస్తాడు. "రాజకీయాలు మనకెందుకండీ, చేతనైన సాయం చేద్దాం" అనేది ఆయన పాట. మూడో మనిషి ఒకమ్మాయి. ఎక్కడో ఎవర్నో వారంటు లేకుండా పట్టుకెళ్లారని తెలిస్తే ఆ రోజు ఆమెకి అన్నం సయించదు.

ముగ్గురూ మంచివాళ్లే. చిక్కేమిటంటే మొదటాయనకి మూడో అమ్మాయి నక్సలైట్ల సానుభూతిపరురాలు. ఆ అమ్మాయికి మొదటాయన షావుకార్ల ఏజెంటు. మధ్యలో ఉన్నాయనకి ఇద్దరూ పనీపాటా లేనివాళ్లు. నేను ఈ మూడు రకాలుగానూ వేర్వేరు వయసుల్లో మాట్లాడినవాణ్ణే కాబట్టి ఎవర్నీ ఏమీ అనలేను. కానీ నేను గుంటూరు జిల్లావాణ్ణి. ఈ మూడూ వేర్వేరు సరుకులు కావనీ, విడగొట్టుకున్న ప్రతిసారీ ముగ్గురూ నష్టపోయారనీ మా జిల్లా చరిత్ర చూస్తే తెలుస్తుంది. ఈ టపా ఆ చరిత్ర గురించే.

మద్రాసు నుంచి విజయవాడ వచ్చే రైలు లైను మీద చీరాల, బాపట్ల, నిడుబ్రోలు, చుండూరు, తెనాలి వరసగా వస్తాయి. మొదటినుంచి చివరికి అరవై కిలోమీటర్లు కూడా ఉండదు. నేను చెప్పబోయేదంతా చాలావరకు ఈ పట్టాల పక్కన జరిగిందే.

చీరాల, 1921

చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట. నేత మీదా చిన్న వ్యాపారాల మీదా బతికే ఊళ్లు. అన్నీ కలిపి పదిహేను వేల జనాభా. బ్రిటిష్ ప్రభుత్వం వీటిని కలిపి మునిసిపాలిటీ చేసింది. యూనియన్‌గా ఉన్నప్పుడు నాలుగు వేల రూపాయలుండే పన్ను మునిసిపాలిటీ అయ్యేసరికి నలభై వేల దాకా పోయింది. "మాకీ మునిసిపాలిటీ వద్దు మొర్రో" అన్నా వినలేదు. పన్ను కట్టమన్నవాళ్లని జైల్లో పెట్టారు.

ఎడింబరోలో చదువుకుని వచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఈ ఉద్యమానికి నాయకుడు. 1921 ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చి, పన్ను నిరాకరించి జైళ్లకి వెళ్లడం గానీ, ఊరు విడిచి వెళ్లడం గానీ రెండు దారులున్నాయన్నారు. జనం రెండోది ఎంచుకున్నారు. మునిసిపాలిటీ హద్దు దాటి పాకలు వేసుకున్నారు, దానికి రామనగర్ అని పేరు పెట్టారు. దాదాపు పదకొండు నెలలు పదిహేను వేల మందిలో పదమూడు వేల మంది ఎండకీ వానకీ ఆ పాకల్లోనే ఉన్నారు.

నాకు ఇక్కడ ఆసక్తి కలిగించే సంగతి రామదండు. దుగ్గిరాల తయారుచేసిన వాలంటీర్ దళం అది. గవర్నమెంటు లేని ఊళ్లో కాపలా కాసేదీ, మంచీచెడ్డా చూసేదీ వీళ్లే. అంటే ఒకే ఉద్యమంలో మూడూ ఉన్నాయి. మా అంగీకారం లేకుండా మా కష్టార్జితం తీసుకోకూడదు అన్నది ఒకటి. సభ పెట్టుకుంటాం, మాట్లాడతాం, ఊరు విడిచిపోతాం, అది మా ఇష్టం అన్నది రెండోది. ఒకరికొకరం సాయం చేసుకుంటాం అన్నది మూడోది. ఇందులో ఏది ఆస్తి హక్కు, ఏది పౌరహక్కు, ఏది సంఘసేవ అని రామనగర్లో ఎవర్నైనా అడిగితే వింతగా చూసి ఉండేవాళ్లు.

ఆఖరికి దుగ్గిరాల జైలుకెళ్లారు, జనం ఇళ్లకి తిరిగొచ్చారు. కానీ ఆ ఏడాది తిరక్కుండానే, అప్పటి గుంటూరు జిల్లాలోనే ఇంకో రెండు పన్ను పోరాటాలు జరిగాయి. 1922 మొదట్లో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు శిస్తు కట్టమన్నారు. అక్కడ కూడా శాంతిసేన అని వాలంటీర్లుండేవాళ్లు. పల్నాడులో పశువులు మేపుకోడానికి వేసిన పుల్లరి పన్ను మీద కన్నెగంటి హనుమంతు తిరగబడి, ఫిబ్రవరిలో పోలీసు తూటాలకి చనిపోయాడు. నేతగాళ్లు, మెట్ట రైతులు, పశువులు మేపుకునేవాళ్లు - ముగ్గురికీ ముందు తగిలింది పన్ను, వెంటనే తగిలింది లాఠీ.

అదే ఏడాది గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు ఆడపిల్లల కోసం శారదానికేతనం పెట్టారు. పక్కా సంఘసేవ. ఆ ఉన్నవే జైల్లో కూర్చుని 'మాలపల్లి' రాశారు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. బడి పెట్టుకోవచ్చు గానీ, ఆ బడికి రాలేని వాళ్ల బతుకు గురించి రాయకూడదన్నమాట! ఆ నిషేధం చివరికి 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక తొలిగింది. రాజాజీ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. ఆ రాజాజీయే మరుసటేడు హిందీ వ్యతిరేక ఆందోళనకారుల మీద బ్రిటిష్ వాళ్లు వదిలిన క్రిమినల్ లా సవరణ చట్టాన్నే వాడారు. ఎవరూ కడిగిన ముత్యం కాదు.

నిడుబ్రోలు రంగా

నిడుబ్రోలు స్టేషన్లో దిగితే పొన్నూరు. రెండూ కలిసిపోయిన ఊళ్లు. 1900 నవంబర్ 7న గోగినేని రంగనాయకులు, అంటే ఆచార్య ఎన్.జి. రంగా పుట్టింది ఇక్కడే. ఆక్స్‌ఫర్డ్‌లో చదివొచ్చి మద్రాసు పచ్చయప్ప కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పారు. 1920ల్లోనే నిడుబ్రోలులో తమ ఇంటి బావి హరిజనులకి తెరిచారు. ఊళ్లో రైతు కార్యకర్తల కోసం విద్యాలయం పెట్టారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ పుట్టినప్పుడు స్వామి సహజానంద అధ్యక్షుడైతే రంగా ప్రధాన కార్యదర్శి. వెంకటగిరి జమీందారీ రైతుల తరఫున పోరాడారు.

ఈయన్ని మనవాళ్లు ఒక్కోసారి సోషలిస్టు అనీ, ఒక్కోసారి పెట్టుబడిదారుల మనిషి అనీ అంటారు. నాకైతే ఆయన వాదన మొదట్నుంచీ ఒకటే అనిపిస్తుంది. దున్నేవాడికి భూమి మీద హక్కుండాలి, దాన్ని జమీందారూ లాక్కోకూడదు, సర్కారూ లాక్కోకూడదు. గుంటూరు ప్రాంతంలో ఎక్కువ భాగం రైత్వారీ. మధ్యలో జమీందారు లేకుండా రైతే నేరుగా సర్కారుకి శిస్తు కట్టే పద్ధతి. పట్టా కాగితం చేతిలో ఉన్న రైతుకి ఆ కాగితం విలువ బాగా తెలుసు. జమీందారీ మీద కోపం, సర్కారు మీద అనుమానం - రెండూ ఒకే కాగితంలోంచి వచ్చాయి.

స్వాతంత్ర్యం వచ్చాక కథ మలుపు తిరిగింది. 1959 జనవరిలో నాగ్‌పూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయం చెయ్యాలని తీర్మానించింది. రైతుల భూములన్నీ కలిపేసి ఒకే కమతంగా సాగు చెయ్యాలని దానర్థం. అప్పటికి కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ కార్యదర్శిగా ఉన్న రంగా బయటికి వచ్చేశారు. ఆ ఏడాది జూన్‌లో మద్రాసులో స్వతంత్ర పార్టీ ప్రకటించారు. రాజాజీ పెద్దదిక్కు, మినూ మసాని ప్రధాన కార్యదర్శి, మన నిడుబ్రోలు రంగా అధ్యక్షుడు.

రాజాజీకి అప్పటికే ఒక అనుభవముంది. 1952 జూన్‌లో ఆయన మద్రాసు ముఖ్యమంత్రిగా ఉండగా ఆహారధాన్యాల మీద కంట్రోళ్లు ఎత్తేశారు. అప్పటికి గుంటూరు మద్రాసు రాష్ట్రంలోదే. ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకి బియ్యం తీసుకెళ్లడం నేరంగా ఉన్న రోజులవి. అందరూ భయపడినట్టు కరువేమీ ముంచుకు రాలేదు. "పర్మిట్-లైసెన్స్-కోటా రాజ్యం" అన్న మాటని ప్రచారంలోకి తెచ్చింది ఆయనే. 1991 తర్వాత ఉద్యోగాల్లో చేరిన నా బోటి వాళ్లకి ఆ రాజ్యం పుస్తకాల్లో చదివిన సంగతి. దాని కింద బతికిన వాళ్లకి స్కూటర్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడటం మామూలు సంగతి.

స్వతంత్ర పార్టీకి 21 మూలసూత్రాలుండేవి. అందులో నాకు బాగా నచ్చింది ఆఖరిది: ఈ సూత్రాల్లో లేని ఏ విషయంలోనైనా సభ్యులు తమ ఇష్టమొచ్చినట్టు ఓటెయ్యొచ్చు. విప్పు ధిక్కరిస్తే సభ్యత్వం ఊడిపోయే ఈ రోజుల్లో అలాంటి సూత్రం పెట్టుకున్న పార్టీ మన దేశంలో ఉండేదంటే నమ్మబుద్ధి కాదు. 1962లో లోక్‌సభలో 18 సీట్లు, 1967లో 44 సీట్లు గెలిచి ప్రతిపక్షాల్లో అతిపెద్ద పార్టీ అయింది. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 1962లో 19, 1967లో 29. శ్రీకాకుళం వైపు గౌతు లచ్చన్న లాంటి వెనకబడిన కులాల నాయకుడు కూడా అందులో ఉన్నాడు కాబట్టి అది ఒట్టి భూస్వాముల పార్టీ అనడం పూర్తి నిజం కాదు. అయితే జమీందార్ల మీద పోరాడిన రంగా, ఒడిశా, రాజస్థాన్, బీహార్లలో మాజీ రాజులూ రాణుల పక్కన కూర్చోవాల్సొచ్చింది. అదీ నిజమే.

ఒకే కత్తెర

మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి బాగా అర్థమయ్యే భాగం ఇదే. కాస్త ఓపిగ్గా చదవండి.

1950లో రాజ్యాంగం వచ్చిన కొద్దినెలలకే రెండు తలనొప్పులొచ్చాయి. ఒకటి, మద్రాసు ప్రభుత్వం 'క్రాస్ రోడ్స్' అనే వామపక్ష పత్రికని రాష్ట్రంలోకి రానివ్వలేదు. సుప్రీంకోర్టు ఆ నిషేధం చెల్లదంది. రెండోది, కొన్ని రాష్ట్రాల జమీందారీ రద్దు చట్టాలు కోర్టుల్లో చిక్కుకున్నాయి. 1951లో నెహ్రూ ప్రభుత్వం మొదటి రాజ్యాంగ సవరణ చేసింది. ఒకే సవరణలో వాక్‌స్వాతంత్ర్యం మీద ఆంక్షల పరిధి పెంచారు, ఆస్తి హక్కునీ కుదించారు. కమ్యూనిస్టు నోరూ, జమీందారు భూమీ - రెండిటికీ ఒకే కత్తెర. ఇద్దరూ కలిసి అరిచారా? లేదు. ఎవరి ముక్క గురించి వాళ్లే ఏడ్చారు. నిజానికి ఒకడి ముక్క తెగినందుకు ఇంకొకడు సంతోషించాడు కూడా.

ఆ సవరణలోనే తొమ్మిదో షెడ్యూలు పుట్టింది. ఇందులో చేర్చిన చట్టం ప్రాథమిక హక్కులకి విరుద్ధంగా ఉందని కోర్టులు కొట్టెయ్యకూడదు. మొదట పెట్టినవి 13 చట్టాలు, దాదాపు అన్నీ భూముల గురించే. ఉద్దేశం మంచిదే. జమీందారీ పోవాలి, అందులో నాకు రెండో అభిప్రాయం లేదు. రంగా కూడా కోరుకున్నది అదే. కానీ చేసిన పద్ధతి ఎలాంటిదంటే, ఒక అప్లికేషన్ అర్జెంటుగా నడవాలని ఫైర్‌వాల్లో "ఈ దారిన వచ్చేదాన్ని తనిఖీ చెయ్యొద్దు" అని రూల్ రాసి వదిలెయ్యడం లాంటిది. రూల్ రాసినవాడు మంచివాడే కావచ్చు. రూల్ మాత్రం అతను వెళ్లిపోయాక కూడా అక్కడే ఉంటుంది.

1961లో కేరళ భూసంస్కరణ చట్టం విషయంలో, రైత్వారీ భూములు "ఎస్టేట్" కిందికి రావని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మా గుంటూరు లాంటి చోట్ల పట్టా రైతుకి కొంత రక్షణ దొరికినట్టే. దాంతో 1964లో పదిహేడో సవరణ తెచ్చి రైత్వారీ భూముల్ని కూడా "ఎస్టేట్" చేశారు, ఇంకో 44 చట్టాలు తొమ్మిదో షెడ్యూల్లో పెట్టారు. స్వతంత్ర పార్టీ దీని మీద గట్టిగా పోరాడింది. ఆ సవరణలోనే, సీలింగ్ లోపు స్వయంగా సాగు చేసుకునే భూమి తీసుకుంటే మార్కెట్ ధర ఇవ్వాల్సిందే అన్న నిబంధన కూడా వచ్చింది. చిన్న రైతుకి అదో ఊరట.

ఇప్పుడు అసలు సంగతి. 1975లో ఎమర్జెన్సీ వచ్చింది. విచారణ లేకుండా జనాన్ని జైల్లో పెట్టే మీసా చట్టాన్ని ఆ ఏడాది 39వ సవరణతో ఎక్కడ దాచారో తెలుసా? తొమ్మిదో షెడ్యూల్లో. పత్రికల నోరు నొక్కే 1976 నాటి "అభ్యంతరకర విషయాల ప్రచురణ నిరోధక చట్టాన్ని" 40వ సవరణతో ఎక్కడ పెట్టారు? అక్కడే! భూమి కోసం కట్టిన గాదెలో పోలీసు సంకెళ్లు దాచారు. 1951లో "జమీందారు ఆస్తే కదా పోతే పోనీ" అనుకున్న వామపక్షాల వాళ్లలో ఎంతోమంది ఎమర్జెన్సీలో ఆ మీసా కిందే జైలుకి పోయారు. ఆస్తి హక్కుని ఆస్తిపరుడి గొడవగా వదిలెయ్యకూడదని నేననడానికి కారణం ఇదీ.

ఇక 1978లో జనతా ప్రభుత్వం 44వ సవరణతో ఆ రెండు చట్టాలనీ షెడ్యూల్లోంచి పీకేసింది. బాగుంది. అదే సవరణలో ఆస్తి హక్కుని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసి 300-ఏ అధికరణంగా పక్కన కూర్చోబెట్టింది! ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో పుచ్చుకోవడమంటే ఇదే. 1973 ఏప్రిల్ 24 తర్వాత షెడ్యూల్లో చేర్చిన చట్టాల్ని రాజ్యాంగ మౌలిక స్వరూపం ప్రకారం పరీక్షించవచ్చని సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది 2007లో. రూల్ రాసింది 1951లో, ప్యాచ్ వచ్చింది 2007లో.

స్వేచ్ఛావాదుల పరీక్ష

వామపక్షాల్ని అన్నాను కదా, రెండో వైపు కూడా చూద్దాం. 1971 ఎన్నికల్లో స్వతంత్ర పార్టీ 8 సీట్లకి పడిపోయింది. 1972 చివర్లో రాజాజీ పోయారు. 1974లో పార్టీ భారతీయ లోక్‌దళ్‌లో కలిసిపోయింది. ఎమర్జెన్సీ నాటికి ఆ పార్టీ ముఖ్యులు ఎక్కడున్నారు?

మినూ మసాని బొంబాయిలో ఉన్నారు. ఆయన పత్రిక 'ఫ్రీడమ్ ఫస్ట్'ని సెన్సార్ అడ్డుకుంటే హైకోర్టుకెక్కి, 1976లో గెలిచారు. మన రంగా? ఆయన అప్పటికే తిరిగి కాంగ్రెస్‌లో చేరిపోయారు. ఎమర్జెన్సీ పెట్టిన పార్టీలోనే ఉన్నారు. తర్వాత 1980, 1984, 1989ల్లో మా గుంటూరు నుంచే లోక్‌సభకి గెలిచారు. 1991లో పద్మవిభూషణ్, 1995లో కన్నుమూత. ఇప్పుడు లాంలో ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే.

ఆయన్ని తక్కువ చెయ్యడానికి ఇది రాయట్లేదు. రైతు కోసం అంతకాలం పార్లమెంటులో మాట్లాడినవాళ్లు అరుదు. కానీ భూమి లాక్కుంటారని నెహ్రూనే ఎదిరించి వచ్చిన మనిషి, మనుషుల్నే లాక్కెళ్తుంటే ఆ పార్టీలోనే ఉండిపోవడం నాకు మింగుడు పడదు. ఉమ్మడి సేద్యం మీద చూపిన పట్టుదలలో సగం మీసా మీద చూపించి ఉంటే, ఈ రోజు ఆయన విగ్రహం రైతు సంఘాల ఆఫీసుల్లోనే కాదు, పౌరహక్కుల వాళ్ల ఆఫీసుల్లో కూడా ఉండేది.

ఎమర్జెన్సీలో వచ్చిన ఇంకో చట్టం గురించి మా ఆదివారం మాస్టారికి చెప్పాలి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం మొదట వచ్చింది 1976లోనే. సేవాసంస్థలకీ పర్మిట్లు, రిజిస్ట్రేషన్లు. 2010లో దాని స్థానంలో వచ్చిన చట్టంలో రిజిస్ట్రేషన్ని ఐదేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవాలి. దొంగ సంస్థల్ని పట్టుకోవద్దని ఎవరూ అనరు. కానీ "రాజకీయాలు మనకెందుకు" అన్న సేవకి కూడా లైసెన్స్ రాజ్యం వచ్చి తలుపు కొడుతుంది.

పొన్నూరు రెండో పాఠం

మళ్లీ రైలెక్కుదాం. రంగా ఊరికి అతుక్కుని ఉన్న పొన్నూరులో 1980ల్లో ఒక సంస్కృత అధ్యాపకుడు ఉండేవారు, కత్తి పద్మారావు.

1985 జులైలో చీరాల దగ్గర కారంచేడులో (అప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా) దళితులు తాగే చెరువు నీళ్లని మురికి చేస్తుంటే అడ్డుచెప్పారు. అడ్డొచ్చిన ఒక దళిత మహిళ బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు, జులై 17న, ఊళ్లోని ఆసాములు మాదిగవాడ మీద పడ్డారు. ఆరుగురు చనిపోయారు. మిగతావాళ్లు చీరాలకి పారిపోయి అక్కడ శిబిరంలో తలదాచుకున్నారు. 1921లో చీరాల జనం పన్నుకి ఎదురు తిరిగి ఊరు విడిచారు, 1985లో కారంచేడు జనం ప్రాణం దక్కించుకోడానికి ఊరు విడిచి చీరాల వచ్చారు. ఆ ఏడాదే కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందుండి దళిత మహాసభ పెట్టారు.

1991లో ఇదే లైను మీదున్న చుండూరు. సినిమా హాల్లో కాలు తగిలిన గొడవ. ఆ తర్వాత దళితుల్ని ఎవరూ పనికి పిలవకూడదని ఊళ్లో బహిష్కారం. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి, శవాల్ని గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. విచారణకి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందర్నీ వదిలేసింది.

మన స్వేచ్ఛా వ్యాపార మిత్రుడు దీన్ని "కుల గొడవ" అని పక్కన పెట్టేస్తాడు. ఒక్క నిమిషం ఆలోచించమంటాను. తన కష్టాన్ని తనకిష్టమైన చోట అమ్ముకునే హక్కు కంటే మొదటి వ్యాపార హక్కు ఏముంది? కూలీని ఎవరూ పనికి పిలవకూడదని ఊరంతా కట్టుబాటు చేసుకుంటే అది లైసెన్స్ రాజ్యం కాదా? ఢిల్లీలో గుమాస్తా ఇచ్చే పర్మిట్ కంటే ఊళ్లో ఆసామి ఇచ్చే పర్మిట్ ఎందులో తక్కువ? స్వతంత్ర పార్టీ 21 సూత్రాలు మొదటి పర్మిట్‌ని చూశాయి, రెండోది వాటికి ఆనలేదు. నిడుబ్రోలులో ఇంటి బావి తెరిచిన మనిషి పెట్టిన పార్టీ, ఊరి చెరువుల దగ్గర ఏం జరుగుతోందో చూడలేదు. పేదవాడు దాన్ని తన పార్టీ అనుకోకపోవడంలో వింతేముంది?

పౌరహక్కుల ఉద్యమం కూడా ఇక్కడే నేర్చుకుంది. హక్కుల్ని కాలరాసేది రాజ్యమొక్కటే కాదనీ, కులం కూడా, ఆయుధం పట్టిన ఉద్యమం కూడా కాలరాయగలవనీ బాలగోపాల్ వాదించారు. ఆ అభిప్రాయభేదంతోనే పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చి 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. 2009లో చనిపోయేదాకా అదే పని. మన గణితం ప్రొఫెసర్లలో అంత నిక్కచ్చి మనిషి ఇంకొకరు నాకు తెలీదు.

తుళ్లూరు దారి

ఇదంతా పాత కథ అనుకునేవాళ్ల కోసం ఒక్క కొత్త కథ. రాజధాని కోసం 2015లో గుంటూరు జిల్లా 29 గ్రామాల్లో భూసమీకరణ మొదలైంది. 33 వేల ఎకరాలకి పైగా రైతులు ఇచ్చారు. ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, దాంతోపాటు వ్యాపార స్థలం, పదేళ్లపాటు కౌలు, భూమిలేని కుటుంబాలకి నెలకి 2,500 పింఛను. కాగితం మీద చక్కటి ఒప్పందం. కొందరు ఇష్టంగా ఇచ్చారు. ఉండవల్లి, పెనుమాక వైపు కొందరు ఇవ్వమని కోర్టుకెళ్లారు. అసైన్డ్ భూములున్న దళిత రైతులకి తక్కువ ప్యాకేజీ పెడితే వాళ్లు వేరే పోరాడాల్సొచ్చింది.

2019 డిసెంబర్లో మూడు రాజధానుల మాట వచ్చింది. డిసెంబర్ 17న రైతులు దీక్షకి కూర్చున్నారు. తెల్లారేసరికి ఊళ్ల నిండా పోలీసులు, 144 సెక్షన్లు. ఎన్నడూ ధర్నా మొహం చూడని ఆసాములూ, ఇంట్లోంచి బయటికి రాని ఆడవాళ్లూ "సభ పెట్టుకునే హక్కు మాకు లేదా?" అని అడగడం మొదలెట్టారు. 2021 చివర్లో తుళ్లూరు నుంచి తిరుపతికి పాదయాత్ర చేశారు. తిరుపతిలో సభకి పోలీసులు ఒప్పుకోకపోతే హైకోర్టు అనుమతితో పెట్టుకున్నారు. 2022 మార్చి 3న హైకోర్టు రైతుల తరఫున తీర్పిచ్చింది, దానిలో కొంత భాగం మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక పనులు మళ్లీ మొదలయ్యాయి.

ఏ పార్టీది తప్పు అన్న చర్చలోకి నేను పోను. నాకు కావాల్సింది ఒకటే: ఒప్పంద పత్రం చేతిలో ఉన్న రైతు కూడా చివరికి రోడ్డు మీద నడిచే హక్కు కోసం కోర్టుకెళ్లాడు. ఒకప్పుడు చుండూరు బాధితులకి అవసరమైన హక్కే అది. ఆనాడు వాళ్లు నడుస్తుంటే మనవాళ్లలో ఎంతమంది పక్కన నిలబడ్డారో మనకి తెలుసు.

మనకేంటి?

మన పరిశ్రమ పర్మిట్లకి అతి తక్కువగా తల వంచిన పరిశ్రమ. బహుశా అందుకే మిగతా రెండు స్వేచ్ఛలు మన బుర్రకెక్కవు. కానీ ఐటీ చట్టంలోని 66-ఏ సెక్షన్ కింద ఒక మెసేజ్ పెట్టినందుకు జనాన్ని అరెస్టు చేసిన రోజులు మనం చూశాం. 2015 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అది నడిచింది. మన చేతుల్లో పుట్టిన సాధనం మీదే ఆ చట్టం వచ్చింది. దాన్ని కోర్టులో ఎదిరించినవాళ్లు మనం "పనీపాటా లేనివాళ్లు" అనుకునే బాపతే.

మా భోజనం బల్ల దగ్గర ఈ మధ్య ఈ సంగతులన్నీ చెప్పాను. మొదటాయన "అయితే ఇప్పుడు నేను నక్సలైట్లని సమర్థించాలా?" అన్నాడు. అక్కర్లేదు. వాళ్ల సిద్ధాంతం తప్పని రోజూ చెప్పు, కానీ వాళ్లలో ఒకణ్ణి విచారణ లేకుండా చంపితే అది తప్పని కూడా చెప్పు. "నేను షావుకార్లని సమర్థించాలా?" అంది ఆ అమ్మాయి. అక్కర్లేదు. పరిహారం లేకుండా ఒకడి పొలం లాక్కుంటే, వాడు ఆసామి అయినా సరే, అడ్డు చెప్పు. మూడో ఆయన మజ్జిగన్నం కలుపుకుంటూ "నేనేం చెయ్యాలి?" అన్నాడు. నువ్వు పాఠాలు చెప్పు మాస్టారూ, మానొద్దు. కాకపోతే ఎప్పుడైనా ఆ పిల్లల్లో ఒకడు "మా ఊళ్లో చెరువు దగ్గరికి మమ్మల్ని రానివ్వరు సార్" అంటే, అది రాజకీయం అని లెక్కల పుస్తకం తెరవకు. ముందు వాడు చెప్పేది విను.